‘స్టార్ వార్స్’ చిత్రపరంపర: అభిమానుల స్థాననిర్ణయ వాదాలు - విశ్లేషణ

వ్యాససంగ్రహం

ఒక చిత్రపరంపరలో ఏ సినిమా ఉత్తమం, ఏది అధమం అని అభిమానులు చేసే వాదాలను విద్వల్లోకం తరచుగా కాలక్షేపంగా భావిస్తుంది. లేదా, ఆ వాదాల ఫలితంగా వచ్చే అంకెలను ప్రేక్షకాభిప్రాయానికి నేరుగా ఆధారంగా స్వీకరిస్తుంది. ఈ రెండు వైఖరులూ అసంపూర్ణమైనవే. 1977లో మొదలైన ‘స్టార్ వార్స్’ పరంపరను ఆధారంగా తీసుకొని, స్థాననిర్ణయం వెనుక ఉండే మూడు ముందస్తు నిర్ణయాలను ఈ వ్యాసం వివరిస్తుంది. అవి పరిధి, పాఠం, కొలమానం. అభిమానుల మధ్య వివాదం సినిమాల నాణ్యత గురించి జరుగుతున్నట్లు కనిపించినా, దాని మూలం ఎక్కువగా ఈ మూడు నిర్ణయాలలోనే ఉంటుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: అభిమాన సంస్కృతి, ఫ్రాంచైజీ, స్థాననిర్ణయం, పాఠాంతరం, స్టార్ వార్స్, జార్జ్ లూకాస్, బాహుబలి.

1. ప్రవేశిక

ఒకే కథాప్రపంచంలో, ఒకే పేరు కింద వరుసగా వెలువడే సినిమాలను వ్యాపార పరిభాషలో ఫ్రాంచైజీ అంటారు. ఇటువంటి సినిమాలను అభిమానులు విడివిడిగా చూసి ఊరుకోరు. పక్కపక్కన పెట్టి పోలుస్తారు, మొదటి స్థానం నుంచి చివరి స్థానం వరకు జాబితా కడతారు, ఎదుటివారి జాబితాను ఖండిస్తారు. కొత్త సినిమా వచ్చిన ప్రతిసారీ పాత జాబితాను తిరగరాస్తారు.

తెలుగు సాహిత్య విద్యార్థికి ఈ పని కొత్తది కాదు. ఆంధ్రమహాభారతం ఒకే గ్రంథమైనా ముగ్గురు కవుల చేతుల మీదుగా పూర్తయింది. నన్నయ అక్షరరమ్యత మిన్నా, తిక్కన నాటకీయత మిన్నా అన్న చర్చ తరగతి గదుల్లో నేటికీ సాగుతుంది. పంచకావ్యాలు అయిదే అయినా, ఆ అయిదూ ఏవన్న విషయంలో జాబితాలన్నీ ఏకీభవించవు. ఉపమకు కాళిదాసునూ, అర్థగౌరవానికి భారవినీ, పదలాలిత్యానికి దండినీ చెప్పి, ఆ మూడు గుణాలూ మాఘునిలో ఉన్నాయనే ప్రసిద్ధమైన సంస్కృత శ్లోకం కూడా ఒక స్థాననిర్ణయమే. అందులో రెండు దశలున్నాయి. మొదట ఒక్కొక్క కవికి ఒక్కొక్క కొలమానం నిర్ణయమైంది. తరువాత ఆ కొలమానాలన్నిటినీ కూడి ఒక తీర్పు వెలువడింది. మొదటి దశలో వివాదం తక్కువ, రెండో దశలోనే ఎక్కువ. ఉపమకూ పదలాలిత్యానికీ సమాన విలువ ఎందుకివ్వాలి అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. సినిమా అభిమానుల వాదాలలోనూ ఇదే జరుగుతుంది.

2. పరంపర పరిచయం

జార్జ్ లూకాస్ రచించి దర్శకత్వం వహించిన ‘స్టార్ వార్స్’ 1977 మే నెలలో అమెరికాలో విడుదలైంది. ల్యూక్ స్కైవాకర్ అనే పల్లెటూరి యువకుడు నియంతృత్వ సామ్రాజ్యాన్ని ఎదిరించే తిరుగుబాటుదారులతో చేరడం దాని కథ. ఇర్విన్ కెర్ష్నర్ దర్శకత్వంలో ‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’ 1980లోనూ, రిచర్డ్ మార్క్వాండ్ దర్శకత్వంలో ‘రిటర్న్ ఆఫ్ ది జెడై’ 1983లోనూ వచ్చాయి. ప్రతినాయకుడైన డార్త్ వేడర్ ల్యూక్ తండ్రేనన్న రహస్యం రెండో చిత్రంలో బయటపడుతుంది.

ఆ తండ్రి పూర్వకథను లూకాస్ స్వయంగా మూడు చిత్రాలుగా తీశాడు. ‘ది ఫాంటమ్ మెనేస్’ 1999లో, ‘అటాక్ ఆఫ్ ది క్లోన్స్’ 2002లో, ‘రివెంజ్ ఆఫ్ ది సిత్’ 2005లో వెలువడ్డాయి. 2012లో డిస్నీ సంస్థ సుమారు 405 కోట్ల డాలర్లకు లూకాస్‌ఫిల్మ్‌ను కొనుగోలు చేసింది. ఆ తరువాత ‘ది ఫోర్స్ అవేకెన్స్’ (2015), ‘ది లాస్ట్ జెడై’ (2017), ‘ది రైజ్ ఆఫ్ స్కైవాకర్’ (2019) అనే ఉత్తరకథా త్రయమూ, ‘రోగ్ వన్’ (2016), ‘సోలో’ (2018) అనే ఉపకథా చిత్రాలూ వచ్చాయి. నాలుగు దశాబ్దాల విస్తృతి, మూడు తరాల ప్రేక్షకులు, మధ్యలో యాజమాన్యం మార్పు ఉండటం వల్ల స్థాననిర్ణయ వాదాల స్వభావాన్ని పరిశీలించడానికి ఈ పరంపర అనువైనది.

3. మొదటి నిర్ణయం: పరిధి

జాబితా కట్టే ముందు అందులోకి ఏవి వస్తాయో తేల్చాలి. 1977 నుంచి 2019 వరకు వచ్చిన ప్రధాన కథాచిత్రాలు మాత్రమే లెక్కిస్తే తొమ్మిది. ఉపకథలను కలిపితే పదకొండు. 2008లో థియేటర్లలో విడుదలైన ‘ది క్లోన్ వార్స్’ యానిమేషన్ చిత్రాన్నీ చేర్చితే పన్నెండు. అందువల్ల పన్నెండింటిలో ఎనిమిదో స్థానం, తొమ్మిదింటిలో ఎనిమిదో స్థానం ఒకే తీర్పు కావు.

సంఖ్యాక్రమం కూడా తొలినుంచి స్థిరంగా లేదు. 1977లో విడుదలైనప్పుడు తొలి చిత్రానికి భాగసంఖ్య లేదు. ‘నాలుగో భాగం’ అన్న సంఖ్య, ‘ఎ న్యూ హోప్’ అన్న ఉపశీర్షిక 1981 పునర్విడుదలలో చేరాయి. ఫలితంగా ఒకే సినిమా విడుదల క్రమంలో మొదటిది, కథాక్రమంలో నాలుగోది అయింది. మొదట తీసిన మూడు, తరువాత తీసిన పూర్వకథలు మూడు కలిపి ఆరింటినీ సంఖ్యాక్రమంలో చూడాలన్నది లూకాస్ అభిప్రాయం. అలా చూస్తే తండ్రి రహస్యం మూడో భాగంలోనే తెలిసిపోయి, అయిదో భాగంలోని ఆశ్చర్యం నశిస్తుంది. ప్రతిఫలంగా, ఒక మంచి మనిషి పతనమై తిరిగి ఉద్ధరింపబడే కథగా మొత్తం పరంపర అర్థమవుతుంది.

2011లో ఒక అభిమాని ప్రతిపాదించిన ‘మచెటీ క్రమం’ ఈ రెండింటికీ మధ్యేమార్గం. అందులో నాలుగు, అయిదు భాగాలు చూసి రహస్యం తెలిసిన తరువాత, గతాన్ని గుర్తుచేసుకున్నట్లుగా రెండు, మూడు భాగాలు చూసి, చివర ఆరో భాగం చూడాలి. మొదటి భాగమైన ‘ది ఫాంటమ్ మెనేస్’కు ఈ క్రమంలో చోటు లేదు. అది లేకపోయినా కథాగమనానికి లోటు రాదన్నది ఆ ప్రతిపాదనలోని వాదం. ఒక చిత్రాన్ని జాబితాలో చివర పెట్టడం కంటే జాబితా నుంచి తొలగించడం తీవ్రమైన తీర్పు. చూసే క్రమం పేరుతో వచ్చిన ఈ ప్రతిపాదన నిజానికి ఒక విలువ నిర్ణయం.

పరిధిని నిర్ణయించే అధికారం ఎవరిదన్నది ఇక్కడ మౌలికమైన ప్రశ్న. దశాబ్దాలుగా నవలలు, కామిక్‌ల రూపంలో పెరిగిన విస్తృత కథాప్రపంచాన్ని 2014 ఏప్రిల్‌లో లూకాస్‌ఫిల్మ్ ‘లెజెండ్స్’ అనే పేరు కింద వేరుచేసి, ప్రామాణిక కథలో అవి భాగం కావని ప్రకటించింది. యజమాని దృష్టిలో అది కొత్త చిత్రాలకు దారి సుగమం చేసే నిర్ణయం. ఆ నవలలతో పెరిగిన పాఠకుల దృష్టిలో అది తమ జ్ఞాపకాలను చెల్లనివిగా ప్రకటించడం. ఉత్తరకథా త్రయాన్ని కొందరు అభిమానులు తమ జాబితాలలో అసలు లెక్కించకపోవడాన్ని ఈ నేపథ్యంలో చూడవలసి ఉంటుంది.

4. రెండో నిర్ణయం: పాఠం

ప్రాచీన కావ్యాల పరిష్కర్తకు తాళపత్ర ప్రతుల మధ్య పాఠాంతరాలు, ప్రక్షిప్తాలు ఎదురవుతాయి. చలనచిత్రం యంత్రంతో అచ్చుతీసిన కళ గనుక దానికి ఆ సమస్య లేదనిపించవచ్చు. ‘స్టార్ వార్స్’ చరిత్ర ఆ భావన తప్పని చూపుతుంది.

1997లో లూకాస్ తొలి మూడు చిత్రాలను ‘స్పెషల్ ఎడిషన్’ పేరుతో మార్పులు చేసి మళ్ళీ విడుదల చేశాడు. కంప్యూటర్ చిత్రాలతో కొత్త దృశ్యాలు చేరాయి. తొలి చిత్రంలో హాన్ సోలో అనే స్మగ్లర్, తనను పట్టుకోవడానికి వచ్చిన గ్రీడోను మద్యశాలలో కాల్చి చంపే ఘట్టంలో, గ్రీడోయే ముందుగా కాల్చినట్లు మార్పు జరిగింది. మార్పు నిడివి క్షణకాలమే. పాత్రచిత్రణలో దాని ప్రభావం పెద్దది. తన ప్రాణం కోసం సంకోచం లేకుండా కాల్చే స్వార్థపరుడు చివరికి మిత్రుల కోసం తిరిగి రావడమే ఆ పాత్ర పరిణామం. మొదటినుంచీ ఆత్మరక్షణ కోసమే కాల్చిన వాడైతే ఆ పరిణామం పలుచబడుతుందని అభిమానులు వాదించారు. 2004 డీవీడీలో ‘రిటర్న్ ఆఫ్ ది జెడై’ ముగింపులో కనిపించే తండ్రి ఆత్మరూపం సెబాస్టియన్ షా ముఖం నుంచి, పూర్వకథలో నటించిన హేడెన్ క్రిస్టెన్సెన్ ముఖానికి మారింది. తొలి విడుదల పాఠాలు 2006లో డీవీడీలతో పాటు అదనపు డిస్కులుగా మాత్రమే, తక్కువ నాణ్యతతో వచ్చాయి.

దీనిలో ఒక వైరుధ్యం ఉంది. పాత నలుపు-తెలుపు సినిమాలకు రంగులద్దడం వంటి మార్పులను వ్యతిరేకిస్తూ 1988లో అమెరికా చట్టసభ ఎదుట వాంగ్మూలమిచ్చిన వారిలో లూకాస్ ఒకడు. అదే ఏడాది వచ్చిన చట్టం ద్వారా ఏర్పడిన జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీ, 1989లో ప్రకటించిన తొలి 25 సినిమాలలో ‘స్టార్ వార్స్’ ఉంది. లూకాస్ దృష్టిలో మార్పు చేయరాని వారు ఇతరులు. రచయితకు తన రచనను దిద్దుకునే హక్కు ఉంటుంది. అభిమానుల దృష్టిలో ప్రజల జ్ఞాపకంలోకి వెళ్ళిన పాఠం రచయిత ఒక్కడి సొత్తు కాదు. రెండు వాదాలకూ సాహిత్యచరిత్రలో పూర్వోదాహరణలున్నాయి. 2025 జూన్‌లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ లండన్‌లో 1977 నాటి అసలు ఫిల్మ్ ప్రతిని ప్రదర్శించడం వార్త కావడానికి కారణం ఈ వివాదమే.

కనుక తొలి చిత్రానికి ప్రథమ స్థానం ఇచ్చిన ఇద్దరు అభిమానులు ఒకే సినిమాకు ఆ స్థానం ఇచ్చారని చెప్పలేం. 1977 పాఠం చూసినవారు, 1997 తరువాతి పాఠం మాత్రమే చూసినవారు ఒకే శీర్షిక కింద వేర్వేరు కృతులను అంచనా వేస్తున్నారు.

5. మూడో నిర్ణయం: కొలమానం

పరిశోధకులు ఎక్కువగా పొరబడే చోటు ఇది. అంకెల రూపంలో కనిపించే తీర్పు నిష్పాక్షికమైనదనే భ్రమ కలుగుతుంది. ఒక్కొక్క అంకె వెనుక ఒక్కొక్క ప్రశ్న ఉంటుంది.

రాటెన్ టొమాటోస్ ప్రకటించే విమర్శకుల శాతం సగటు మార్కు కాదు. సమీక్షలలో అనుకూలమైనవి నూటికి ఎన్ని అన్నదే ఆ లెక్క. విమర్శకులందరూ ఫరవాలేదన్న సినిమాకు నూరు శాతం రావచ్చు. సగం మంది మహాకావ్యమని, సగం మంది విఫలమని అన్న సినిమాకు యాభై శాతమే వస్తుంది. ఏకాభిప్రాయాన్ని కొలిచే ఈ అంకెను ఉత్కృష్టతకు కొలతగా తీసుకుంటే, సాహసించి అభిప్రాయాలను చీల్చిన సినిమాకు అన్యాయం జరుగుతుంది.

సినిమాస్కోర్ సంస్థ విడుదల రోజున థియేటర్ల వద్ద ప్రేక్షకుల అభిప్రాయం సేకరించి అక్షరశ్రేణి ఇస్తుంది. మొదటి రోజే వచ్చేవారు ఎక్కువగా అభిమానులే. వారి ఆశ నెరవేరిందా లేదా అన్నదాన్నే ఆ శ్రేణి ప్రధానంగా సూచిస్తుంది. వసూళ్ళ లెక్కలోనూ ఇటువంటి చిక్కే ఉంది. డాలర్ల మొత్తాన్ని యథాతథంగా తీసుకుంటే అమెరికాలో ‘ది ఫోర్స్ అవేకెన్స్’ ఈ పరంపరలో అగ్రస్థానంలో ఉంటుంది. ద్రవ్యోల్బణాన్ని సవరిస్తే ఆ స్థానం 1977 చిత్రానికి వస్తుంది.

‘ది లాస్ట్ జెడై’ ఈ సమస్యకు స్పష్టమైన ఉదాహరణ. విమర్శకుల అనుకూల శాతం 90కి పైగా ఉంది. సినిమాస్కోర్ శ్రేణి ‘ఎ’. రాటెన్ టొమాటోస్‌లో ప్రేక్షకుల శాతం మాత్రం 50కి దిగువన నిలిచింది. రెండేళ్ళ తరువాత వచ్చిన ‘ది రైజ్ ఆఫ్ స్కైవాకర్’ విషయంలో చిత్రం తలకిందులైంది. విమర్శకులలో సుమారు సగం మందే అనుకూలంగా రాశారు, ప్రేక్షకుల శాతం 80 దాటింది. సినిమాస్కోర్ శ్రేణి మాత్రం ‘బి ప్లస్’కు తగ్గింది. ఈ రెండు ప్రేక్షక శాతాలను పక్కపక్కన పెట్టి, ప్రేక్షకులు మొదటిదాన్ని తిరస్కరించి రెండోదాన్ని ఆదరించారనే నిర్ధారణ చేయడం సులభం. అయితే రాటెన్ టొమాటోస్ తన లెక్కించే పద్ధతిని 2019 మే నెలలో మార్చింది. అంతకుముందు ఎవరైనా మార్కు ఇవ్వగలిగేవారు. ఆ తరువాత టికెట్టు కొన్నట్లు ధ్రువీకరణ ఉన్నవారి శాతాన్ని ప్రధానంగా చూపడం మొదలైంది. కాబట్టి ఆ రెండు శాతాలూ ఒకే కొలబద్దతో తీసినవి కావు. ఒకే కొలబద్ద వాడిన సినిమాస్కోర్ తీర్పు వాటికి విరుద్ధంగా ఉంది. ఏ జనసమూహాన్ని, ఎప్పుడు, ఎలా అడిగారో చెప్పకుండా ‘ప్రేక్షకాభిప్రాయం’ అన్న మాట వాడటం శాస్త్రీయం కాదు.

6. స్థానాలు మారే తీరు - జాబితా ఒక వ్యాఖ్యానం

నేడు అభిమానుల జాబితాలలో ‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’ అగ్రస్థానంలో ఉండటం దాదాపు సంప్రదాయమైంది. బ్రిటన్‌కు చెందిన ‘ఎంపైర్’ పత్రిక 2014లో పాఠకుల ఓట్లతో ప్రకటించిన సర్వకాల ఉత్తమ చిత్రాల జాబితాలో అది ఏకంగా మొదటి స్థానం పొందింది. 1980లో పరిస్థితి ఇది కాదు. ‘న్యూయార్క్ టైమ్స్’ విమర్శకుడు విన్సెంట్ కాన్‌బీ వంటివారు దానిపట్ల నిరుత్సాహం వ్యక్తం చేశారు. కథ మధ్యలో మొదలై మధ్యలోనే ఆగడం, నాయకుడు ఓడిపోవడం అప్పుడు లోపాలుగా కనిపించాయి. 1983లో కథ పూర్తయ్యాక ఆ అసంపూర్ణతే మధ్యభాగానికి తగిన గాంభీర్యంగా మారింది. సినిమాలో ఒక్క ఫ్రేమూ మారకుండానే, తరువాతి సినిమా రావడం వల్ల దాని విలువ మారింది. పరంపరలోని చిత్రానికి స్వతంత్ర చిత్రానికి లేని లక్షణం ఇది. దాని అర్థం దానిలోనే ముగియదు.

సంస్థల తీర్పు వేరుగా ఉంది. అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ నూరు ఉత్తమ అమెరికన్ చిత్రాల జాబితాలో 1977 చిత్రానికి 1998లో 15వ స్థానం, 2007లో 13వ స్థానం దక్కాయి. ‘ఎంపైర్’ చిత్రం ఆ రెండు జాబితాలలోనూ లేదు. సినిమా చరిత్రను మలుపు తిప్పిన కృతి ఏది అన్నది సంస్థ ప్రశ్న. ఈ కథను అత్యంత లోతుగా చెప్పిన కృతి ఏది అన్నది అభిమాని ప్రశ్న. ప్రశ్నలు వేరు కనుక సమాధానాలు వేరయ్యాయి. జాతీయ రిజిస్ట్రీలోకి ‘ఎంపైర్’ 2010లోనూ, ‘రిటర్న్ ఆఫ్ ది జెడై’ 2021లోనూ చేరాయి.

పూర్వకథా త్రయం విషయంలో తరాల భేదం స్పష్టమవుతుంది. తొలి త్రయంతో పెరిగిన పెద్దలకు ఆ చిత్రాల కృతక సంభాషణలు, రాజకీయ చర్చలు, జార్ జార్ బింక్స్ అనే హాస్యపాత్ర నిరాశ కలిగించాయి. అయినా విడుదల రోజు ప్రేక్షకులు ఆ మూడింటికీ సినిమాస్కోర్‌లో ‘ఎ మైనస్’ శ్రేణి ఇచ్చారు. బాల్యంలో వాటిని చూసినవారు పెద్దవారై చర్చలో ప్రవేశించేసరికి తీర్పు సడలింది. 2008లో ఆరంభమైన ‘ది క్లోన్ వార్స్’ ధారావాహిక, ఆనాకిన్ పాత్రకు సినిమాలలో చాలని వికాసాన్ని సమకూర్చి ఈ పునర్మూల్యాంకనానికి తోడ్పడింది. 2025 ఏప్రిల్‌లో ‘రివెంజ్ ఆఫ్ ది సిత్’ ఇరవయ్యేళ్ళ సందర్భంగా పునర్విడుదలై, ఆ వారాంతంలో అమెరికా వసూళ్ళలో రెండో స్థానంలో నిలిచింది.

ఈ ఉదాహరణల నుంచి ఒక సూత్రం తేలుతుంది. అగ్రస్థానం ఇవ్వడం అంటే ఈ పరంపర దేని గురించినదో చెప్పడం. 1977 చిత్రాన్ని మొదట పెట్టేవారికి ఇది సాహసగాథ. ‘ఎంపైర్’ను మొదట పెట్టేవారికి తండ్రీకొడుకుల విషాదం. ‘రివెంజ్ ఆఫ్ ది సిత్’ను ఎన్నుకునేవారికి గణతంత్రం నియంతృత్వంగా మారే రాజకీయ కథ. ‘రోగ్ వన్’ను ఎన్నుకునేవారికి పేరులేని సైనికుల యుద్ధగాథ. ‘ది లాస్ట్ జెడై’ని ఎన్నుకునేవారికి వంశగౌరవాన్నీ వీరారాధననూ ప్రశ్నించే కథ. అందువల్లనే ఎదుటివారి జాబితా అభిమానికి కేవలం అభిరుచి భేదంగా తోచదు. తన కథను మరొకరు తప్పుగా చదివినట్లు తోస్తుంది.

7. వాదం సామాజిక భూమిక

అభిరుచి వస్తువులను వర్గీకరించడంతో పాటు వర్గీకరించేవారినీ వర్గీకరిస్తుందని ఫ్రెంచ్ సామాజికశాస్త్రవేత్త పియెర్ బూర్ద్యూ 1979లో వెలువడిన ‘డిస్టింక్షన్’ గ్రంథంలో వివరించాడు. అభిమానుల చర్చకు ఇది వర్తిస్తుంది. సరైన జాబితా చెప్పడం సమూహంలో సభ్యత్వానికి నిదర్శనమవుతుంది. జాన్ ఫిస్క్ 1992లో అభిమానుల సృజనను మూడు విధాలుగా విభజించాడు. మనసులో అర్థాన్ని కల్పించుకోవడం, ఆ అర్థాన్ని ఇతరులతో సంభాషణలో పంచుకోవడం, కొత్త రచనలు చేయడం అన్నవి అవి. స్థాననిర్ణయ వాదం రెండో విధానికి చెందుతుంది. కథ రాయలేనివాడూ, చిత్రం గీయలేనివాడూ జాబితా కట్టగలడు. విమర్శలోకి ప్రవేశించడానికి ఇది అతి తక్కువ గడప ఉన్న ద్వారం.

అదే ద్వారం కాపలాదారులకూ స్థానమవుతుంది. కృతిని బాగా ఎరిగి, దాన్ని వ్యతిరేకించడమే తమ గుర్తింపుగా చేసుకున్నవారిని జోనథన్ గ్రే 2003లో ‘ప్రతికూల అభిమానులు’గా సూత్రీకరించాడు. సినిమాపై తీర్పు వ్యక్తులపై దాడిగా మారిన సందర్భాలు ఈ పరంపరలో ఉన్నాయి. జార్ జార్ పాత్రధారి అహ్మద్ బెస్ట్, తనపై వచ్చిన దూషణల వల్ల ఆత్మహత్య ఆలోచన వరకు వెళ్ళినట్లు 2018లో బహిరంగంగా తెలిపాడు. ‘ది లాస్ట్ జెడై’లో నటించిన వియత్నామీ మూలాలున్న అమెరికన్ నటి కెల్లీ మేరీ ట్రాన్ జాతివివక్షతో కూడిన వేధింపుల నడుమ 2018లో సామాజిక మాధ్యమం నుంచి వైదొలగింది. తరువాతి చిత్రంలో ఆమె పాత్ర నిడివి బాగా తగ్గింది. 2023లో ‘ది మాండలోరియన్’ ధారావాహికలో జెడై వీరుడిగా కనిపించిన అహ్మద్ బెస్ట్‌కు అభిమానులు స్వాగతం పలికారు. పాతికేళ్ళ కిందట సినిమాకు ఇచ్చిన చివరి స్థానం కాలక్రమాన సవరణకు నోచుకుంది. ఆ మధ్యకాలంలో నటుడు అనుభవించిన వేదనకు అటువంటి సవరణ లేదు. స్థాననిర్ణయం నిరపాయమైన ఆట అన్న అభిప్రాయాన్ని ఈ ఘటనలు పునరాలోచింపజేస్తాయి.

8. తెలుగు సందర్భం

తెలుగు సినిమా అభిమానులకు స్థాననిర్ణయం చిరపరిచితమే. అయితే చాలాకాలం దాని ప్రమాణం సినిమా కాదు, కథానాయకుడు. యాభై రోజులు, వంద రోజులు, ఎన్ని కేంద్రాలు అన్న లెక్కలన్నీ ఒక నటుడి స్థానాన్ని మరొక నటుడితో పోల్చి నిరూపించడానికి ఉద్దేశించినవి. తెలుగు తారలకూ అభిమాన సంఘాలకూ మధ్య ఉన్న ఈ సంబంధాన్ని ఎస్.వి. శ్రీనివాస్ 2009లో వెలువడిన ‘మెగాస్టార్’ గ్రంథంలో సవిస్తరంగా చర్చించాడు. ఒకే నటుడు, ఒకే కథ ఉన్న రెండు భాగాలను ఒకదానితో ఒకటి పోల్చవలసిన పరిస్థితి ‘బాహుబలి’తో విస్తృతమైంది.

ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వంలో ‘బాహుబలి: ది బిగినింగ్’ 2015 జూలైలోనూ, ‘బాహుబలి: ది కన్‌క్లూజన్’ 2017 ఏప్రిల్‌లోనూ విడుదలయ్యాయి. మొదటి భాగానికి జాతీయ ఉత్తమ చిత్ర పురస్కారం లభించింది. రెండో భాగం వసూళ్ళలో మొదటిదాన్ని అధిగమించి, ప్రజాదరణ విభాగంలో జాతీయ పురస్కారం పొందింది. ఏ భాగం మిన్న అన్న ప్రశ్నకు ఈ రెండు పురస్కారాలూ రెండు వేర్వేరు కొలమానాలతో ఇచ్చిన సమాధానాలు. అయిదో విభాగంలో వివరించిన సమస్య ఇక్కడ తెలుగు రూపంలో కనిపిస్తుంది. మొదటి భాగం కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్న వద్ద ఆగుతుంది కనుక, దాని విలువలో కొంత భాగం రెండేళ్ళ నిరీక్షణలో ఉంది. నేడు రెండు భాగాలనూ వెంటవెంటనే చూసే ప్రేక్షకునికి ఆ నిరీక్షణ దొరకదు.

పాఠం సమస్యా ఇక్కడ ఎదురైంది. 2025 అక్టోబరు 31న రెండు భాగాలనూ కలిపి, కుదించి ‘బాహుబలి: ది ఎపిక్’గా విడుదల చేశారు. అయిదు గంటలకు మించిన నిడివి సుమారు 3 గంటల 45 నిమిషాలకు తగ్గింది. ఈ మూడో పాఠంలో ‘మొదటి భాగమా, రెండో భాగమా’ అన్న ప్రశ్నకే ఆధారం లేదు. దర్శకుడే పోలికకు కావలసిన హద్దును చెరిపివేశాడు. అయితే విడి భాగాలు కనుమరుగు కాలేదు. అసలు పాఠాన్ని పక్కకు నెట్టిన లూకాస్ సవరణలకూ, దీనికీ ఉన్న ముఖ్యమైన భేదం ఇదే.

శైలేష్ కొలను దర్శకత్వంలోని ‘హిట్’ పరంపర మరొక రకమైన ఉదాహరణ. 2020లో విశ్వక్ సేన్, 2022లో అడివి శేష్, 2025లో నాని వరుసగా కథానాయకులు. ఇక్కడ భాగాల మధ్య పోలిక నటుల మధ్య పోలికగా మారే అవకాశం ఎక్కువ. పాత తారాకేంద్రిత కొలమానమూ, కొత్త పరంపరాకేంద్రిత కొలమానమూ కలిసే ఈ సంధిస్థలం తెలుగు పరిశోధకులకు తగిన క్షేత్రం.

9. ఉపసంహారం

పై పరిశీలన నుంచి కింది అంశాలు తేలుతున్నాయి.

• స్థాననిర్ణయం ఒక తీర్పు కావడానికి ముందు పరిధి, పాఠం, కొలమానం అనే మూడు నిర్ణయాల ఫలితం. వివాదాలను విశ్లేషించేటప్పుడు భేదం ఈ మూడింటిలో ఎక్కడ ఉందో మొదట గుర్తించాలి.

• పరంపరలోని సినిమా విలువ స్థిరమైనది కాదు. తరువాతి భాగాలు, ధారావాహికలు, తరాల మార్పు దాన్ని నిరంతరం సవరిస్తాయి. కాబట్టి ఏ జాబితానైనా దాని కాలంతో కలిపి ఉదాహరించాలి.

• శాతాలు, శ్రేణులు, వసూళ్ళు వేర్వేరు ప్రశ్నలకు సమాధానాలు. వాటిని సేకరించిన పద్ధతిని పేర్కొనకుండా ప్రేక్షకాభిప్రాయానికి ఆధారాలుగా ఉపయోగించరాదు.

• అగ్రస్థానం గురించిన వాదం ఆ కథ అర్థం గురించిన వాదం. ఈ కారణంగా అది లౌకిక విమర్శలో ఒక రూపంగా గుర్తింపుకు అర్హమైనది. ఇదే కారణంగా అది వ్యక్తులను గాయపరచే స్థాయికి చేరగలదు.

నన్నయ, తిక్కనల తారతమ్య చర్చ వారిద్దరిలో ఒకరిని ఓడించలేదు. ఇద్దరినీ మరింత సూక్ష్మంగా చదవడం నేర్పింది. చిత్రపరంపరల జాబితాలను కూడా వాటి ఫలితాల కోసం కాక, అవి బయటపెట్టే చదువరితనం కోసం పరిశీలించినప్పుడు అభిమానుల వాదం విమర్శచరిత్రకు ఉపయోగపడే సామగ్రి అవుతుంది.